చంద్రునిపై నడచిన పంతులు

చంద్రునిపై మొట్టమొదట నడుగిడినవాడు నీల్ ఆర్మ్‌స్ట్రాంగని బాలురకును దెలియును. ఆ యడుగు వెనుకనున్న జీవితమును గొందఱే యెఱుగుదురు.

ఆయన 1930లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, వాపకొనెటా యను చిన్న యూర జన్మించెను. ఇంజనీరు చదువు నడుమ 1949లో నౌకాదళము పిలువగా వెడలి, కొరియా యుద్ధమున 78 మారులు యుద్ధవిమానమును నడపెను. 1951లో విమానపు రెక్క తెగగా పారాచూటుతో దిగి బ్రదికెను. మరల కళాశాలకేగి 1955లో పట్టమందెను. క్రొత్త విమానములను బరీక్షించు నుద్యోగమున జేరెను.

1962 జనవరిలో, మూడేండ్లయినను నిండని కూతురు కారెన్ మెదడులోని కణితిచే మరణించెను. ఆ దుఃఖమును దోడివారితో జెప్పుకొనక, కొలది దినములకే పనికి మరలెను. ఆ యేడే వ్యోమగామిగా నెన్నుకొనబడెను.

1969 జూలై 20న చంద్రునిపై దిగునపుడు, యంత్రము నౌకను బండలు నిండిన గోతివైపు గొనిపోవుచుండెను. ఆర్మ్‌స్ట్రాంగు నడపుట తన చేతికి దీసికొని, ఇంధనము తరుగుచున్నను దొట్రుపడక, చదునైన చోట దింపెను. ఆపదలయందును దుఃఖమునందును నిలిచిన చిత్తమే యచట నక్కఱకు వచ్చెనని నా తలంపు.

అంతటి కీర్తి గడించియు, 1971 మొదలు 1979 వఱకు సిన్సినాటీ విశ్వవిద్యాలయమున విద్యార్థులకు బాఠములు చెప్పెను. 2012లో గతింపగా, నౌకాదళమువారు చితాభస్మమును అట్లాంటిక్ సముద్రమున గలిపిరి. చంద్రుని ముట్టివచ్చిన నావికుడు కడకు సముద్రమునే చేరెను.