ఆగాఖాన్ పందెము – 1930

విమానమనగానే మన గ్రంథాలయ చదువరులలో పెద్దలకు ముందుగా తోచునది పుష్పకము. కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గను ఇంచుమించు దానికే కేటాయించెను. లంకనుండి అయోధ్యకు వచ్చుచు రాముడు సీతకు క్రిందనున్న సముద్రమును, వనములను, నదులను చూపి, తాను ఆమెను వెదకిన త్రోవనంతయు వినిపించును. భూమిని పైనుండి చదువుట ఆ సర్గలోని సొగసు. నేను చెప్పబోవు కథలోని మువ్వురును అట్లే భూమిని పైనుండి చదువుకొనుచు పోయినవారు. వారి పుష్పకములకు మాత్రము పెట్రోలు కావలెను; ప్లగ్గులు కావలెను.

1929 నవంబరులో ఆగాఖాన్ ఒక బహుమానమును ప్రకటించెను. ఇంగ్లండునుండి హిందూదేశమునకు గాని, ఇచటినుండి ఇంగ్లండునకు గాని, ఒంటరిగా విమానము నడుపుకొని మొట్టమొదట చేరిన భారతీయునకు 500 పౌనులు. యాత్ర నిర్ణీతమైన గడువులో ముగియవలెను. ఆనాటికి మనవారిలో విమానము నడుపనేర్చినవారు బహు కొలదిమంది. ఈ దేశములో ఇచ్చిన అనుమతిపత్రములలో మొదటి సంఖ్యగలది జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటాకు దొరకినది 1929 ఫిబ్రవరి 10వ తేదీననే యన్నచో, విద్య ఎంత లేతదో గ్రహింపవచ్చును.

ఇక వాహనము. దాని పేరు జిప్సీ మాత్. మాత్ అనగా దీపమునకు వచ్చు రెక్కపురుగు. దానిని నిర్మించిన డీ హావిలాండునకు రెక్కపురుగులను సేకరించుట యందు ఆసక్తి యుండుటచే ఆ పేరు పెట్టెను. పేరు తగియున్నది. కొయ్య చట్రము, పలుచని చెక్కపలకలు, రెక్కలకు గుడ్డ; ఖాళీగానున్నపుడు వేయి పౌనుల బరువైనను లేదు. రెక్కలు వెనుకకు మడచినచో బండిసావిడిలో పట్టునేమో! ఒకరి వెనుక నొకరు కూర్చుండు రెండు ఆసనములు, పైన కప్పు లేదు. నూరు గుఱ్ఱముల బలముగల యంత్రము, నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదానికి రెండేసి ప్లగ్గులు. పైరెక్క నడుమ 19 గ్యాలనుల పెట్రోలు తొట్టి. గంటకు సుమారు 85 మైళ్ల నడక. ఒకసారి తొట్టి నింపినచో సుమారు 320 మైళ్లు.

లెక్కలు వ్రాయువాడను గనుక ఇచట ఒక గుణకారము చేయక తప్పదు. కరాచీనుండి లండను చెంతనున్న క్రాయిడనునకు ఇంచుమించు 5,000 మైళ్లు. అనగా ఆకాశమున అరువది గంటలు. తక్కువలో తక్కువ పదియారుసార్లు దిగుట, నింపుట, ఎగురుట. దిగిన ప్రతిచోట పెట్రోలు ముందుగా చేరియుండవలెను. గాలి ఎదురైనచో లెక్క తారుమారగును. వినుటకు రేడియో లేదు. మోకాళ్లపై పటము, ఎదుట దిక్సూచి, క్రింద భూమి, అంతియే.

దారి ఎట్టిదో చూడుడు. కరాచీ విడిచి మక్రాన్ ఎండుకొండల అంచుగా, పారసీక సింధుశాఖ ఒడ్డున జాస్క్, లింగె, బుషైర్. అటనుండి బాస్రా, బాగ్దాదు. బాగ్దాదు దాటిన పిమ్మట వందలకొలది మైళ్లు చెట్టు లేదు, ఊరు లేదు. ఆ ఎడారిలో 1921లో బ్రిటిషు వైమానికదళము వారు అమ్మాను వైపునుండి రమాదీ వైపునకు మోటారుబండ్ల జాడలతో ఒక బాట వేసిరి. బండి జాడ నిలువని తావులందు నాగలితో చాలు తీసిరి. ఆకాశమున పోవువాడు ఆ చాలును కనిపెట్టుకొని పోవుటకే ఈ ఏర్పాటు. నాగటిచాలు పైరు కొరకే గాక విమానము కొరకును ఉపకరించినదన్న సంగతి మన రైతు సోదరులకు చెప్పవలెనని చాల కాలముగా నా మనసున గలదు. ఎడారి నడుమ రుత్బా యను నూతుల తావున ఒక కోట, నీరు, పెట్రోలు. అటుపై గాజా, ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా తీరము, పిదప మధ్యధరాసముద్రము. ఒక్క యంత్రము గలవానికి అదియే గుండెలు పీచుమనిపించు ఘట్టము. దాటినచో ఇటలీ, ఫ్రాన్సు.

పందెమునకు దిగినవారు మువ్వురు. రావల్పిండివాడైన మన్‌మోహన్ సింగ్ తన విమానమునకు 'మిస్ ఇండియా' యని పేరిడి ఇంగ్లండునుండి బయలుదేరెను. ఆస్పీ మెర్వాన్ ఇంజనీర్ వయస్సు పదునేడేండ్లు. 1930 మార్చిలో ఆర్. ఎన్. చావ్లాతో కలసి కరాచీనుండి క్రాయిడనునకు పోయి, ఏప్రిలు 25న అచటినుండి ఒంటరిగా మరలెను. ఇరువదియైదేండ్ల జహంగీరు ఎదురుదిక్కున, మే 3న కరాచీలో ఎగిరెను. ఇట్లు ఒకే దారి రెండు కొనలనుండి పోటీ నడచినది. ఆ దినములలోనే ఏమీ జాన్సన్ అను ఆంగ్ల యువతియు అట్టి మాత్ విమానముననే మే 5న క్రాయిడన్ విడిచి 10న కరాచీ చేరి, రంగూను మీదుగా 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగెను. మన తీరగ్రామముల వారెందరో కూలికై ఓడనెక్కి పోయిన రంగూను అదియే. ఆమె కథ వేరుగా వ్రాయదగినది.

ఆస్పీయు జహంగీరును ఒకరికొకరు ఎదురైనది ఈజిప్టులో, అలెగ్జాండ్రియా దాపునగల అబూకిరులో. 1798లో నెల్సను ఫ్రెంచి నౌకలను ధ్వంసము చేసిన తావు అదియే. జహంగీరు అచట దిగి చూచుసరికి ఆస్పీ విమానము నిలిచియుండెను. ప్లగ్గులు చెడినవి, మారు ప్లగ్గులు అతనియొద్ద లేవు, రావలసినవానికై ఎదురుచూచుచుండెను. ట్రాక్టరు నడుపువారు ఈ అవస్థ నెరుగుదురు. నిప్పురవ్వ పడనిచో నూరు గుఱ్ఱములును కట్టుకొయ్యను విడువవు. జహంగీరు వద్ద అదనపు ప్లగ్గులున్నవి. అతడు పలుకరించి తన దారిని పోయియుండినచో తప్పు పట్టగలవారు లేరు. పందెపు షరతులలో ప్రత్యర్థికి సాయపడుమని లేదు. అతడు ప్లగ్గుల నిచ్చెను. ఆస్పీ తాను సముద్రము దాటి వచ్చినవాడు గనుక, నీట తేల్చు రక్షణకవచమును తీసి, ఇంకను దాటవలసిన జహంగీరునకిచ్చెను. ఇచ్చిపుచ్చుకొని ఒకడు తూర్పునకు, ఒకడు పడమటికి ఎగిరిరి.

మే 11న ఆస్పీ కరాచీలో దిగెను. జహంగీరు అప్పటికింకను గమ్యము చేరలేదు. బహుమానము ఆస్పీదయ్యెను. 500 పౌనులు టాటాల ఇంట లెక్కలోనిది కాదు, కావున ఆ ఔదార్యమునకు వెల తక్కువ యని వాదించువారు ఉండవచ్చును. నాకట్లు తోచదు. అచట పోగొట్టుకొనబడినది ధనము కాదు, 'మొదటివాడు' అను మాట. అది ధనికునకును అంగడిలో దొరకదు. పైగా ప్రయాణదినములు లెక్కించినచో ఆస్పీకి పదియారు పట్టినవి. జహంగీరు యాత్ర అంతకంటె త్వరగా సాగినది. షరతు మాత్రము ముందు చేరినవానిదే గెలుపనెను.

మరి మన్‌మోహన్ సింగ్? అతడు ఆస్పీకంటె ముందే కరాచీ చేరెను. ఫ్రాన్సు దక్షిణభాగమున విధిలేక దిగవలసివచ్చి కాలము వ్యర్థమైనది. గడువు ఒక్క దినము మీరినది. మా పెద్దలనాటి కరణపు లెక్కలలో ఫసలీ దాటిన మరునాడు ముట్టిన శిస్తును బాకీ పద్దుననే వ్రాసెడివారు. ఆ న్యాయము నేనెరుగుదును, నిర్ణయము సక్రమమే. అయినను దేశములు దాటి ఒంటరిగా ఇంటికి వచ్చిన మొదటి భారతీయుడెవడని పిల్లలు అడిగినచో, బహుమానపు చిట్టాను ముందుంచుకొని జవాబు చెప్పలేను.

అతడు తరువాత ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకును ఒంటరిగా పోయెను. రెండవ ప్రపంచయుద్ధమున నీటిపై దిగు విమానములను నడిపెను. 1942 మార్చి 3న ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవుపై జపానువారు దాడి చేసినపుడు అచటనే అసువులు బాసెను. ఆస్పీ భారత వైమానికదళమున చేరి 1960 డిసెంబరునుండి 1964 జూలై వరకు దానికి అధిపతియయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన భారతీయులలో రెండవవాడు.

జహంగీరు మరి రెండేండ్లకు, 1932 అక్టోబరు 15న, పుస్ మాత్ అను మరియొక చిన్న విమానమున కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చెను. మూట బరువు 55 పౌనులు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిపై వచ్చినవి. బొంబాయిలో ఆ తపాలాను నెవిల్ విన్సెంట్ అందుకొని, ఆనాడు మన దత్తమండలములతో చేరియున్న బళ్లారిలో రాత్రి ఆగి, మద్రాసునకు కొనిపోయెను.