త్రోమోస్

త్రోమోస్ అనేది ‘వణుకు’ అనే అర్థంలో బైబిల్ కొత్త నిబంధనలో కనిపించే గ్రీకు నామవాచకం. ‘వణకడం’ అనే అర్థమున్న ‘త్రేమో’ క్రియ నుంచి ఇది పుట్టింది. లాటిన్ ‘ట్రెమెరే’ దీనికి జ్ఞాతి పదం. వైద్యులు చేతుల వణుకును చెప్పడానికి వాడే ‘ట్రెమర్’ ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది.

ప్రయోగాలు

కొత్త నిబంధనలో ఈ నామవాచకం ఐదుచోట్ల ఉంది: మార్కు 16:8, 1 కొరింథీయులకు 2:3, 2 కొరింథీయులకు 7:15, ఎఫెసీయులకు 6:5, ఫిలిప్పీయులకు 2:12. మార్కు సువార్తలో ఖాళీ సమాధిని చూసిన స్త్రీలను వణుకు, విస్మయం ఆవహిస్తాయి. సైనాయి, వాటికన్ ప్రాచీన ప్రతుల్లో ఆ సువార్త ఈ వచనంతోనే ముగుస్తుంది. ‘వణుకుతున్న’ అనే అర్థమిచ్చే ‘ఎంత్రోమోస్’ విశేషణం మోషే విషయంలోను (అపొస్తలుల కార్యములు 7:32, హెబ్రీయులకు 12:21), ఫిలిప్పీ చెరసాల నాయకుడి విషయంలోను (అపొస్తలుల కార్యములు 16:29) వస్తుంది.

భయము, వణకు

మిగిలిన నాలుగు ప్రయోగాలూ పౌలు పేరిట ఉన్న పత్రికల్లోవి. నాలుగింటిలోనూ త్రోమోస్ పక్కనే ‘ఫోబోస్’, అంటే భయం ఉంటుంది. ఈ జంట పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో ముందే ఉంది. నిర్గమకాండము 15:16లో ఇది శత్రు జనాల గుండెల్లో పుట్టే భీతి. రెండో కీర్తనలో మాత్రం అదే జంట దేవుణ్ని సేవించే రాజులకు ఉండవలసిన భక్తిని సూచిస్తుంది.

పౌలు వాడుక ఈ రెండో అర్థానికి దగ్గర. కొరింథులో బోధించినప్పటి తన స్థితిని, తీతును కొరింథీయులు చేర్చుకున్న తీరును, దాసులు యజమానులకు లోబడవలసిన విధాన్ని ఈ జంటతోనే చెప్పాడు. ఈ మూడు సందర్భాలూ మనుషుల మధ్యవి. ఫిలిప్పీయులకు 2:12లో రక్షణ గురించి చెప్పినప్పటికీ, దానికి ముందున్న భాగం వినయం గురించినది, తర్వాతి వచనం విశ్వాసిలో పనిచేసేది దేవుడేనంటుంది. అందుకే ఇక్కడి వణుకు శిక్షకు జడిసినది కాదనీ, బాధ్యత ఎంత పెద్దదో తెలిసినవాడి జాగ్రత్త అనీ చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ 1843లో వెలువరించిన గ్రంథానికి ‘భయము, వణకు’ అనే పేరే పెట్టాడు.

తెలుగు బైబిల్లో

లండన్ మిషన్‌కు చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ సాయంతో అనువాదం సాగించారు. ఆ పనిని ఎడ్వర్డ్ ప్రిచెట్ కొనసాగించగా, కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. నేడు సంఘాలు వేరైనా, తెలుగు ప్రొటెస్టెంట్ ఆరాధనల్లో ఎక్కువగా చదివేది పాత అనువాదం అని పిలిచే ఒకే పాఠం. అందులో త్రోమోస్‌కు ‘వణకు’ అనే మాట స్థిరపడింది.

అయితే ఆ పాఠంలో వణకు మాట ఉన్న ప్రతిచోటా మూలంలో త్రోమోస్ లేదు. యాకోబు 2:19లో దయ్యాలు వణుకుతాయన్నచోట గ్రీకులో ‘ఫ్రిస్సో’ ఉంది. దానికి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అని అర్థం, కాబట్టి ‘గగుర్పాటు’ దగ్గరి మాట. మత్తయి 28:4లో కావలివారు వణికినచోట ఉన్న క్రియ, రెండు వచనాల ముందు భూకంపానికి వాడిన ‘సెయిస్మోస్’ ధాతువుది. భూమీ కాపలావారూ ఒకే మాటతో కంపించడం గ్రీకు పాఠంలో వినిపిస్తుంది, తెలుగులో వినిపించదు. కాబట్టి త్రోమోస్‌ను అధ్యయనం చేసేవారు తెలుగు పదసూచిక ఒక్కదానిపైనే ఆధారపడకుండా గ్రీకు పదసూచికనూ చూడాలి.