ఆరు వేళ్ళ కుక్క, ఆరే మిగిలాయి: లుండెహుండ్ కథ

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న. "బ్రో, ఎవరి దగ్గరా లేని రేర్ బ్రీడ్ ఒకటి చెప్పు. చిన్న సైజులో ఉండాలి, ఫ్లాట్‌లో పెంచుకోవాలి." సరే, ఈరోజు అలాంటి కుక్క గురించే చెప్తాను. కొనమని కాదు. "రేర్" అన్న మాట వెనక ఏముందో చూడమని.

దీని పేరు నార్వేజియన్ లుండెహుండ్. బరువు ఆరేడు కిలోలు, ఎత్తు మన మోకాలి కంటే తక్కువే. చూడ్డానికి నక్కపిల్లలా ఉంటుంది. మామూలు కుక్కకి ముందు కాలికి ఐదు, వెనక కాలికి నాలుగు వేళ్ళుంటాయి కదా? దీనికి ఒక్కో కాలికి కనీసం ఆరు. ముందు కాళ్ళు రెండు పక్కలకీ చాచేస్తుంది. మెడ వెనక్కి వంచి తలని వీపుకి ఆనించగలదు. చెవులు మడిచి మూసుకోగలదు.

ఇవన్నీ ఎందుకు? దాని పేరులోనే ఉంది. నార్వేలో "లుండె" అంటే పఫిన్ పక్షి, "హుండ్" అంటే కుక్క. పఫిన్ రంగుల ముక్కుతో ఉండే సముద్రపు పక్షి. కొండ అంచుల్లో, రాళ్ళ సందుల్లో గూడు పెడుతుంది. మనిషి చెయ్యి పట్టని ఆ సందుల్లోకి ఈ కుక్క దూరి, పక్షిని పట్టుకొచ్చేది. జారే రాళ్ళ మీద పట్టుకి ఆ వేళ్ళు, ఇరుకులో వెనక్కి తిరగడానికి ఆ మెడ. మాంసం తిండికి, ఈకలు దిండ్లకి. అంటే అప్పట్లో లుండెహుండ్ ఉన్న ఇంటికి అదొక ఆస్తి.

19వ శతాబ్దంలో పఫిన్లని వలలతో పట్టడం మొదలైంది. వల ఉన్నాక కుక్కకి తిండి ఎందుకు దండగ అనుకున్నారు. ఒక్కో ఊర్లో ఈ కుక్కలు మాయమవుతూ వచ్చాయి. చివరికి లోఫోటెన్ దీవుల్లో, ఆర్కిటిక్ వృత్తానికి పైన, వేరాయ్ అనే దీవిలోని మోస్టాడ్ పల్లెలో మాత్రం మిగిలాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. బయటి ప్రపంచం అంత తేలిగ్గా చేరలేని చోటు కాబట్టే అక్కడ బతికాయి.

1925లో సిగుర్డ్ స్కౌన్ అనే ఆయన ఈ కుక్కల గురించి ఒక పత్రికలో రాశాడు. అది దక్షిణ నార్వేలోని హామర్ దగ్గర ఉండే ఎలియనోర్ క్రిస్టీ కంట పడింది. 1930ల చివర్లో ఆవిడ మోస్టాడ్ నుంచి నాలుగు కుక్కల్ని తెప్పించుకుని పెంచడం మొదలుపెట్టింది. 1943లో నార్వే కెన్నెల్ క్లబ్ దీన్ని ఒక బ్రీడ్‌గా గుర్తించింది.

ఆవిడ చేసిన పని విలువ ఏంటో యుద్ధకాలంలో తెలిసింది. వేరాయ్‌లో డిస్టెంపర్ వైరస్ వచ్చి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. క్రిస్టీ తన కుక్కల్ని దీవికి పంపి, అక్కడ మళ్ళీ మొదలుపెట్టించింది. 1944లో అదే జబ్బు ఆవిడ ఇంటికే వచ్చింది. 1963లో మళ్ళీ దీవి మీద పడింది. ఆ తర్వాత లెక్క చూస్తే మిగిలినవి ఆరు. వేరాయ్‌లో ఒకటి, హామర్‌లో ఐదు. ఆ ఐదూ ఒకే తల్లి పిల్లలు.

కోడ్ రాసేవాళ్ళకి మొదటి రోజే చెప్తారు: బ్యాకప్‌ని అసలు డేటా ఉన్న మెషీన్‌లోనే పెట్టకు అని. ఒక చోట పోతే ఇంకో చోటి నుంచి తెచ్చుకోవచ్చు. క్రిస్టీ చేసింది అదే. కానీ బ్యాకప్‌లో డేటాతో పాటు బగ్ కూడా వచ్చేస్తుంది.

ఈరోజు ప్రపంచంలో ఉన్న వెయ్యికి పైగా లుండెహుండ్‌లు ఆ కొద్ది కుక్కల సంతానమే. మేనరికం చేసుకునే ముందు ఆలోచించమని డాక్టర్లు ఎందుకంటారో తెలుసుగా? ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే పిల్లల్లో బయటపడే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఆ మేనరికం తరాల తరబడి సాగింది. ఫలితం, ఈ జాతిని పట్టి పీడించే పేగుల జబ్బు. తిన్న తిండిలోని ప్రోటీన్ ఒంటికి పట్టక పేగుల్లోంచి పోతుంది. విరేచనాలు, బరువు తగ్గడం, కాళ్ళ వాపు. పూర్తిగా నయం చేసే మందు లేదు. కొవ్వు తక్కువ, తేలిగ్గా అరిగే తిండి పెట్టాలి. మధ్యమధ్యలో రక్త పరీక్షలు చేయించాలి. ఇది కాక నేలకి ఆనని పై వేళ్ళ గోళ్ళు అరగవు కాబట్టి మనమే కత్తిరించాలి. బొచ్చు రెండు పొరలు, బాగా రాలుతుంది. కొత్తవాళ్ళంటే బెదురు, గట్టిగా అరిస్తే మాట వినదు.

అందుకే నార్వేలో బ్రీడ్ క్లబ్ వాళ్ళు గత పదేళ్ళకి పైగా ఒక పని చేస్తున్నారు. లుండెహుండ్‌ని నార్వేజియన్ బుహుండ్ లాంటి దగ్గరి జాతులతో కలిపి, పుట్టిన పిల్లల్ని మళ్ళీ లుండెహుండ్‌తో కలుపుతున్నారు. ఇంత కష్టపడి కాపాడిన జాతిలోకి వేరే రక్తమా అని బాధపడేవాళ్ళు ఉంటారు. ఆ బాధ అర్థం చేసుకోగలను. కానీ "ప్యూర్" అన్న ముద్ర ఉండి పేగు పనిచెయ్యకపోతే ఆ కుక్కకి ఒరిగేదేంటి? క్రిస్టీ కాపాడింది సర్టిఫికెట్‌ని కాదు, ప్రాణాన్ని.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మంచు దేశపు ఈ కుక్కని మే నెల హైదరాబాద్‌లో ఏసీ గదిలో బంధించడం ప్రేమ కాదు. రేర్ బ్రీడ్ అని ఎవరైనా అమ్మజూపితే ధర అడిగే ముందు తల్లిదండ్రుల గురించి, ఆ జాతికి వచ్చే జబ్బుల గురించి అడగండి.

ఇంకో మాట. ఈ జాతిని దాదాపు తుడిచేసిన డిస్టెంపర్ మన వీధుల్లో కూడా ఉంది. మన వెట్ దగ్గర "నైన్ ఇన్ వన్" అనే వ్యాక్సిన్ దానికి కూడా కలిపే. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదటి డోసు, తర్వాత డాక్టర్ చెప్పిన తేదీలకి మిగతావి. మీ ఇంట్లో ఉన్నది ఇండీ అయినా సరే. ఈ వీడియో చూశాక మీ కుక్క వ్యాక్సిన్ కార్డ్ ఒకసారి తీసి, తేదీ చూడండి. దాటిపోయి ఉంటే రేపే వెళ్ళండి.