ఇక్ష్వాకుల అంతిమదశ - ఫణిగిరి శాసనసాక్ష్యం

యవనరాజుల పేరు కృష్ణాతీరపు రాతిపై కనిపించడం విశేషమే. నాగార్జునకొండలో లభించిన ఆభీర వసుషేణుని సంస్కృత శాసనం అష్టభుజస్వామి ప్రతిష్ఠ సందర్భంలో సంజయపురి యవనరాజులను, అవంతికి చెందిన శక రుద్రదాముని, వనవాసి పాలకుడైన విష్ణురుద్రశివలానంద శాతకర్ణిని పేర్కొంటుంది. ఆనాటికి ‘యవన’ శబ్దం అచ్చమైన గ్రీకులకే పరిమితమై లేదన్నది గుర్తుంచుకోవాలి. శాసనంలోని 30వ సంవత్సరాన్ని క్రీ.శ. 248లో మొదలైన కలచురి శకానికి అన్వయించి, క్రీ.శ. 278 నాటికి విజయపురి ఆభీరుల వశమైందని కొందరు చరిత్రకారులు నిర్ణయించారు.

ఈ నిర్ణయాన్ని పునఃపరిశీలించవలసి ఉంది. శాసనం ప్రతిష్ఠను చెబుతున్నదే తప్ప విజయాన్ని చెప్పడం లేదు. పైగా పశ్చిమ భారత రాజవంశాలు విజయపురికి పరాయివి కావు. శాతవాహనుల అనంతరం అశ్వమేధం చేసి స్వతంత్రుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు ఉజ్జయిని రాజపుత్రిక రుద్రధరభట్టారికను వివాహమాడాడు. ఎహువుల చాంతమూలుని భార్య వమ్మభట్ట ఒక మహాక్షత్రపుని కుమార్తె. ఆమె స్మృత్యర్థం కుమారుడు రుద్రపురుషదత్తుని 11వ పాలనా సంవత్సరంలో ఛాయాస్తంభం వెలిసింది. అంటే చివరి ఇక్ష్వాకు రాజు తల్లివైపు నుండి శకుడే! అటువంటి నగరంలో ఆభీర, యవన నామాలు కనిపించినంత మాత్రాన దండయాత్రను ఊహించడం తొందరపాటు.

రుద్రపురుషదత్తుని పాలన ఆ 11వ సంవత్సరంతోనే ముగిసిందని చాలాకాలం భావించారు. ఆ లెక్కను సవరించిన ఆధారం రాజధానిలో కాక ఉత్తరాన, పూర్వపు నల్లగొండ జిల్లాలోని (నేటి సూర్యాపేట జిల్లా) ఫణిగిరిలో దొరికింది. మూసీ ఉపనది బిక్కేరు సమీపంలోని ఈ కొండపై రాజవైద్యులలో అగ్రగణ్యుడొకరు ధర్మచక్ర స్తంభాన్ని నిలిపాడు. దానిపైనున్న పద్యశాసనం ఆ రాజు 18వ పాలనా సంవత్సరం నాటిది. ఏడేళ్ల ఈ అదనపు కాలం చిన్నదిగా తోచవచ్చు. కానీ పతనోన్ముఖమని భావించిన రాజ్యంలో, రాజధానికి దూరంగా ఉన్న మెట్టప్రాంతంలోనూ రాజు పేరిట కాలగణన సాగుతూనే ఉన్నదని, దానధర్మాలు ఆగలేదని దీనివల్ల రుజువవుతున్నది.

ఆ తరువాతి పరిణామానికి పల్నాటిలోని మంచికల్లు శాసనం సూచిక. పల్లవ సింహవర్మ వేయించిన ఈ ప్రాకృత శాసనం ఇక్ష్వాకుల సీమలో పల్లవాధికారం నెలకొన్నదని తెలుపుతుంది. కనుక ఇక్ష్వాకుల అవసానానికి కారకులను వెతకవలసింది పశ్చిమాన ఆభీరులలో కాదు, దక్షిణాన పల్లవులలో.