జెస్సీ టీచరుగారి 130 బళ్ళు

అయోవా రాష్ట్రానికి నైరుతి మూలన, మిస్సోరీ సరిహద్దును ఆనుకుని ఉంటుంది మా పేజ్ కౌంటీ. దాని ముఖ్యపట్టణం క్లారిండా మేముండే ఊరు. జనాభా ఐదు వేల పైచిలుకు. ఈ ఊరి పేరు బయట ఎవరికైనా తెలిసిందంటే గ్లెన్ మిల్లర్ వల్లే. 1904లో ఆ సంగీతకారుడు పుట్టింది ఇక్కడే. ఏటా జూన్‌లో ఆయన పేరిట ఉత్సవం జరుగుతుంది, బ్యాండ్లు వస్తాయి, వీధులన్నీ కార్లతో నిండిపోతాయి. అంత సందడిలోనూ నాడవే వ్యాలీ మ్యూజియం దగ్గరున్న గోల్డెన్‌రాడ్ బడిని చూసొచ్చేవాళ్ళు తక్కువ. ఒకటే గది, చెక్క కట్టడం. పొలాల మధ్య ఉన్నదాన్ని ఊళ్ళోకి తెచ్చి నిలబెట్టారు. ఈ కౌంటీ నుంచి లోకానికి అందినవాటిలో అన్నిటికంటే పెద్దది ఆ గదిలోనే మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను.

1901లో ఆ బడికి పాఠాలు చెప్పడానికి వచ్చినావిడ జెస్సీ ఫీల్డ్. అప్పటికి ఇరవయ్యేళ్ళు. పుట్టింది 1881లో, మా ఊరికి పడమరన ఉన్న షెనండోవా దగ్గరి పొలంలో. తండ్రి సాల్ ఫీల్డ్ రైతు, తల్లి పెళ్ళికి ముందు టీచరు. చిన్నప్పుడే తండ్రి వెంట రైతు సభలకు వెళ్ళి, ఆ రోజుల్లో అందరూ ‘అంకుల్ హెన్రీ’ అని పిలుచుకునే వ్యవసాయ సంపాదకుడు హెన్రీ వాలెస్ ఉపన్యాసాలు వినేవారట. నేల గురించి, విత్తనం గురించి పెద్దలు మాట్లాడుకునే మాటలు ఆవిడ చెవిన అలా పడ్డాయి. గోల్డెన్‌రాడ్‌లో బడి వదిలాక మగపిల్లలకు మొక్కజొన్న క్లబ్బు, ఆడపిల్లలకు ఇంటిపనుల క్లబ్బు పెట్టారు. తర్వాత టేబర్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి, విస్కాన్సిన్‌లో, మోంటానాలో కొన్నాళ్ళు పనిచేసి, 1906లో పేజ్ కౌంటీ బళ్ళన్నిటికీ సూపరింటెండెంటుగా తిరిగొచ్చారు. అది ఎన్నికల మీద దక్కే పదవి. అయోవాలో స్త్రీలు ఆ పదవికి నిలబడొచ్చని 1876 నుంచే చట్టం ఉంది. ఆ ఎన్నికలో ఓటు వేసే హక్కు మాత్రం వాళ్ళకు లేదు. తనకు తాను ఓటు వేసుకోలేని మనిషి కౌంటీలోని పల్లె బళ్ళన్నిటినీ నడపాల్సి వచ్చింది.

ఆ పల్లె బళ్ళు 130. దాదాపు అన్నీ ఒంటిగది బళ్ళే. ఒక టీచరు, ఒక పొయ్యి, చిన్నవాళ్ళ నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలంతా ఒకచోటే. పుస్తకాల్లోని లెక్కలేమో పట్నం వ్యాపారుల లెక్కలు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆవుల పాలు పితికే కుర్రాడికి వాటితో పనేముంటుంది? బళ్ళో చదివేది వేరు, ఇంట్లో చేసేది వేరు అన్నట్టుగా సాగుతుండేది చదువు. జెస్సీ మార్చాలనుకున్నది దీన్నే.

ఆవిడ పిల్లల చేత చేయించిన పనుల్లో నాకు బాగా నచ్చేది విత్తన పరీక్ష. అప్పట్లో విత్తనం కొనుక్కునే అలవాటు తక్కువ. పండిన పంటలోంచే మంచి కండెలు ఏరి, చలికాలమంతా దాచి, వసంతంలో విత్తేవారు. చలికి ఏ కండెలో గింజ చచ్చిందో పైకి తెలిసేది కాదు. ఒక్కో కండెకు ఎనిమిది వందల దాకా గింజలుంటాయి కాబట్టి, చచ్చిన కండె ఒక్కటి విత్తనంలో కలిసినా పొలంలో అన్ని మొక్కలు పోయినట్టే. అయోవా వ్యవసాయ కళాశాల ప్రొఫెసర్ పెర్రీ హోల్డెన్ దీనికి ఒక పద్ధతి చెప్పేవాడు. 1904లో రైలెక్కి స్టేషను స్టేషనుకూ దిగి మరీ రైతులకు బోధించాడు. జెస్సీ ఆ పద్ధతిని పిల్లల చేతికి ఇచ్చారు. లోతు తక్కువ చెక్కపెట్టెలో తడిపిన రంపపు పొట్టు పరుస్తారు. దాని మీద గళ్ళు గీసిన గుడ్డ. ప్రతి గడికీ ఒక నంబరు, కండెకూ అదే నంబరు. కండెను తిప్పుతూ మొదలు దగ్గర, నడుమన, కొసన, అలా ఆరు గింజలు వలిచి ఆ గడిలో పెడతారు. పైన మళ్ళీ తడిగుడ్డ, రంపపు పొట్టు. పెట్టెను వెచ్చని చోట ఉంచి, వారం గడిచాక తీసి చూస్తారు. ఆరూ బలంగా మొలిస్తే ఆ కండె విత్తనానికి. ఒకటి రెండు నీరసించినా అది పందుల మేతకే. మన తెలుగునాట సోయా విత్తే ముందు గింజల్ని తడి గోనెసంచిలో చుట్టి మొలక చూసుకొమ్మని వ్యవసాయ అధికారులు చెప్పడం లేదూ, సూత్రం అదే.

ఈ పనిలో చదువంతా ఇమిడి ఉంది. నంబర్లు వేయడం, పట్టిక రాయడం, నూటికి ఎన్ని మొలిచాయో కట్టడం, ఎకరాకు ఎంత నష్టమో లెక్క తేల్చడం. పైగా ఆ కండెలు ఇంట్లోవి. ఫలితం కాగితం మీద రాసుకుని పిల్లవాడు ఇంటికెళ్ళి చెబితే తండ్రి వినక తప్పదు. పాల పరీక్ష కూడా అంతే. పొడుగు మెడ సీసాలో కొలిచిన పాలు, ఆమ్లం పోసి గిర్రున తిప్పితే కొవ్వు మెడలోకి తేలుతుంది. గీతల మీద చూసి ఏ ఆవు పాలలో వెన్న ఎంతో చెప్పేయొచ్చు. ఏ ఆవు తిన్న మేతకు గిట్టుబాటవుతోందో, ఏది ఊరికే తింటోందో పిల్లలే తేల్చేవారు. ఇలాంటి లెక్కల్నే కూర్చి ఆవిడ పల్లె బళ్ళ కోసం వ్యవసాయ గణితం పుస్తకం తెచ్చారు. 1911లో ‘ది కార్న్ లేడీ’ అనే మరో పుస్తకం వచ్చింది. పల్లె టీచరు ఒకామె తండ్రికి రాసే ఉత్తరాల రూపంలో సాగుతుందది. మొక్కజొన్న దొరసాని అన్న ఆ పేరు చివరికి ఆవిడకే స్థిరపడిపోయింది.

చూస్తుండగానే 130 బళ్ళలోనూ క్లబ్బులు వెలిశాయి. మంచి పంట పండించినవాళ్ళకు, మంచి రొట్టె చేసినవాళ్ళకు, చక్కగా కుట్టినవాళ్ళకు బహుమతి ఉండాలి కదా. 1910లో ఆవిడ ఒక పిన్ను తయారు చేయించారు. మూడు రేకుల క్లోవర్ ఆకు, ఒక్కో రేకు మీద ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరం. బుర్ర, చేతులు, గుండె అని వాటి అర్థం. నడుమ ఒక మొక్కజొన్న గింజ, గింజ మీద ‘పేజ్’ అని మా కౌంటీ పేరు. ఇదే అయోవాలో రైట్ కౌంటీ సూపరింటెండెంటు ఓ.హెచ్. బెన్సన్ నాలుగు రేకుల ఆకును వాడుకలోకి తెచ్చాడు. నాలుగో ‘హెచ్’కు చివరికి ఆరోగ్యం అన్న అర్థం కుదిరింది. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి, వ్యవసాయ కళాశాలల ఎక్స్‌టెన్షన్ శాఖలు ఈ క్లబ్బుల బాధ్యత తీసుకున్నాయి. అలా ఎదిగినదే ఫోర్-హెచ్. ఇప్పుడు అమెరికాలో దాదాపు 60 లక్షల మంది పిల్లలు అందులో ఉన్నారు.

దీనికి ఆద్యులెవరన్న దాని మీద వాదం ఉంది. ఒహాయోవాళ్ళు 1902లో క్లబ్బు పెట్టిన ఏ.బి. గ్రాహం పేరు చెబుతారు. ఇల్లినాయివాళ్ళు అంతకు ముందే పిల్లలకు మొక్కజొన్న పోటీలు పెట్టిన విల్ ఆట్వెల్ పేరు చెబుతారు. మావాళ్ళు జెస్సీని ఫోర్-హెచ్ తల్లి అంటారు. ఈ పోటీలో నేను తీర్పరిని కాను. ఒకే అవసరం మూడు చోట్లా కనిపించి, ముగ్గురూ ఒకే దారి పట్టారన్నది నా అభిప్రాయం. అయితే ఒక కౌంటీలోని పల్లె బళ్ళన్నిట్లో, ఒక్కటీ వదలకుండా, క్లబ్బులు పెట్టించడం మాత్రం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు.

పొగడ్తలతో పాటు చెప్పుకోవలసిన మాట ఇంకొకటుంది. ఆ కాలపు మొక్కజొన్న పోటీల్లో కండె అందానికి మార్కులు. వరుసలు తిన్నగా ఉండాలి, కొస దాకా గింజ పట్టాలి. అంకుల్ హెన్రీ మనవడు హెన్రీ ఎ. వాలెస్ పదహారేళ్ళ వయసులో హోల్డెన్ మెచ్చిన కండెల్నే తీసుకుని విత్తి, కొలిచి, అందమైన కండెకూ దిగుబడికీ సంబంధం లేదని తేల్చాడు. 1926లో హైబ్రిడ్ విత్తనాల కంపెనీ పెట్టి, తర్వాత దేశానికి ఉపాధ్యక్షుడైంది ఆయనే. అందం చూసి కండెకు బహుమతి ఇవ్వడం నిలబడలేదు. మొలక చూసి విత్తనం ఎంచడం ఈనాటికీ నిలిచింది. జెస్సీ పిల్లలకు నేర్పినవాటిలో ఈ రెండూ ఉన్నాయి, రెండో దాని విలువ మొదటి దాని వల్ల తగ్గదు.

పిల్లలు పొలం వదిలి పట్నాలకు పోతున్నారన్నది అప్పటి పెద్దల బెంగ. 1908లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పల్లె జీవితం మీద ఒక కమిషన్నే వేశాడు. క్లబ్బుల ఉద్దేశాల్లో ఆ వలస ఆపడం కూడా ఒకటి. అది ఆగలేదు. 1900లో మా కౌంటీ జనాభా 24 వేలు దాటి ఉండేది, 2020 లెక్కల్లో 15 వేల చిల్లర. యంత్రాలు వచ్చి పొలాలు పెద్దవైపోయాక నలుగురు చేసే పని ఒకరితో సరిపోయింది. దానికి బడి ఏం చేయగలదు?

1912లో జెస్సీ వై.డబ్ల్యు.సి.ఎ. అనే మహిళా సంస్థలో పల్లెలు, చిన్న ఊళ్ళ పని చూడటానికి న్యూయార్క్ వెళ్ళారు. 1917లో మా ఊరి పిండిమర యజమాని ఐరా షాంబాను పెళ్ళి చేసుకుని క్లారిండాకు వచ్చేశారు. 1971 జనవరిలో 89వ ఏట పోయేదాకా ఇక్కడే ఉన్నారు.

జెస్సీ పుట్టింటి మిగతా పిల్లలూ తక్కువవాళ్ళు కారు. అన్న హెన్రీ ఫీల్డ్ షెనండోవాలో విత్తనాల కంపెనీ, 1924లో రేడియో స్టేషనూ పెట్టాడు. చెల్లెలు లియానా డ్రిఫ్ట్‌మియర్ 1926 నుంచి అందులో వంట, పిల్లల పెంపకం గురించి పల్లెటూరి ఇల్లాళ్ళతో మాట్లాడేవారు. 1930లో కారు ప్రమాదం జరిగి చక్రాల కుర్చీకే పరిమితమైతే, మైకును ఇంటికే తెప్పించుకుని మాట్లాడారు.

జూలైలో కౌంటీ ఫెయిర్‌కు పోతే ఆడపిల్లలు దూడల్ని బరిలో నడిపిస్తుంటారు, మగపిల్లలు తాము చేసిన రొట్టెలు బల్ల మీద పెడుతుంటారు. జెస్సీ క్లబ్బుల్లో మగపిల్లల పనులు, ఆడపిల్లల పనులు విడివిడిగా ఉండేవి. ఒమాహా నుంచి మా ఊరు గంటన్నర ప్రయాణం. అక్కడి మనవాళ్ళు గ్లెన్ మిల్లర్ ఇల్లు చూడటానికి వస్తే పిల్లల్ని గోల్డెన్‌రాడ్ బడికి కూడా తీసుకెళ్ళండి. ఎండాకాలం మ్యూజియం వేళలు ముందే కనుక్కుని రావడం మంచిది.