సేవ యను పాఠశాల

గత వేసవిలో ఒక సాయంకాలము, మా పాఠశాలలో పదవ తరగతి వరకు చదివి ఇప్పుడు డిగ్రీ చదువుచున్న బాలిక యొకతె నన్ను జూడవచ్చినది. ఆంధ్రప్రదేశమున డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట ఒక గ్రామమునందో పేటయందో సమాజసేవా ప్రాజెక్టు చేసి నివేదిక సమర్పింపవలెనను నియమము 2020-21వ విద్యాసంవత్సరమున చేరినవారితో అమలునకు వచ్చినది. ఆ ప్రకారము ఆమె తమ యూరి చివరి పేటకు బోయి, ఇంటింట నీటి వసతిని గూర్చి ప్రశ్నలడిగి వ్రాసికొనెను. ఒక వృద్ధురాలు ఆమెను అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, “నిరుడు వచ్చిన పిల్లలూ ఇదే అడిగారమ్మా. రాసుకుపోయారు. ఆ రాసింది ఎవరు చదివారు?” అని ప్రశ్నించినదట. తోడి విద్యార్థులలో కొందరు ఏ పేట మొగమును జూడక, జిరాక్సు దుకాణమున సిద్ధముగా దొరకు నివేదికను కొని, పేరు మార్చి యిచ్చిరి. వారికిని ఆమెకును మార్కులు సమానముగనే వచ్చినవి. “మాస్టారూ, వాళ్లు చేసింది మోసమే. మరి నేను చేసిందేమిటి?” అని ఆ బాలిక నన్నడిగినది.

నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆమె వెళ్లిన తరువాత ఆలోచింపగా, ఈ ప్రశ్న క్రొత్తది కాదనియు, విశ్వవిద్యాలయ విద్యార్థులు పేదల వాడలలో మొదట అడుగుపెట్టిన నాడే పుట్టినదనియు జ్ఞప్తికి వచ్చినది. ఆ చరిత్రను చదువరుల ముందుంచుట యీ వ్యాసమున కుద్దేశము.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు చాలవరకు కలవారి బిడ్డలకే నెలవులు. లండను నగరపు తూర్పు భాగమో, రేవుకూలీలకును, చిల్లర దర్జీలకును, దినవెచ్చము గడువని సంసారములకును నెలవు. ఈ రెండు లోకములకును నడుమ ధర్మము చేయుట తప్ప వేఱు సంబంధము లేకుండెను. 1867వ సంవత్సరమున ఎడ్వర్డు డెనిసను అను యువకుడు ఆ దూరమును దాట యత్నించెను. ఒక బిషప్పు కుమారుడు, ఆక్స్‌ఫర్డున చదివినవాడు. తూర్పు లండనునందలి స్టెప్నీలో కాపురముండి, ఒక పాఠశాల కట్టించి, తానే పాఠములు చెప్పెను. అచ్చట నుండిన కొలదినెలలలో అతడు గ్రహించిన విషయమొకటి కలదు. దూరమునుండి విసరు దానము పేదవానిని నిలబెట్టజాలదు. వానికి కావలసినది తన నడుమ నివసించు నేస్తుడు. డెనిసను 1870లో ముప్పది యేండ్లు నిండకుండనే గతించెను. కాని అతని త్రోవ పూడిపోలేదు.

ఆక్స్‌ఫర్డున ఆర్నాల్డు టాయిన్బీ అను యువ అధ్యాపకు డుండెను. “పారిశ్రామిక విప్లవము” అను మాటను ఆంగ్లచరిత్రలో నాటుకొనజేసిన యుపన్యాసము లితనివే. 1875వ సంవత్సరపు సెలవులలో అతడు తూర్పు లండనునందలి వైట్‌చాపెలున నివసించి, అచ్చటివారి బ్రదుకును కన్నులార జూచెను. 1883 జనవరిలో లండను కార్మికుల యెదుట మాటలాడుచు, తనవంటి మధ్యతరగతివారు వారియెడ అపరాధము చేసిరనియు, న్యాయమునకు బదులు ధర్మము చేసి యూరకుండిరనియు ఒప్పుకొనెను. ఆ మార్చిలోనే ముప్పదియవ యేట మరణించెను.

వైట్‌చాపెలునందలి సెయింటు జూడు దేవాలయమునకు 1873లో ఆచార్యుడుగా వచ్చిన సామ్యూలు బార్నెట్టును, ఆయన భార్య హెన్రియెటాయును నూతనదంపతులుగా ఆ పేటలో కాపురము పెట్టినవారు. పదియేండ్ల యనుభవము గడించి, 1883 నవంబరున బార్నెట్టు ఆక్స్‌ఫర్డునకు బోయి విద్యార్థుల కొక సూచన చేసెను. చందాలు పంపవద్దు; మీరే వచ్చి పేదల పొరుగున నివసింపుడు; నేర్పుటకు మాత్రమే కాదు, నేర్చుకొనుటకును రండు. ఇదియే ఆయన బోధ. 1884వ సంవత్సరపు క్రిస్మసు ముందటి రాత్రి మొదటి యిద్దరు నివాసులు ఆ క్రొత్త భవనమున నిద్రించిరి. గతించిన మిత్రుని పేర దానిని టాయిన్బీ హాలు అనిరి.

అచ్చటి యేర్పాటు గమనింపదగినది. నివాసులు తమ భోజనవ్యయమును తామే భరించిరి. పగలు తమ తమ యుద్యోగములకు బోయి, సాయంకాలములందు తరగతులు నడపిరి. బీదవారికి న్యాయసలహా లిచ్చిరి. స్థానిక పరిపాలనసంఘములలో పనిచేసిరి. బార్నెట్టు దంపతులు 1881 నుండి పేటవాసులకై యేటేట చిత్రప్రదర్శనములు జరుపుచుండిరి. వానినుండియే 1901లో వైట్‌చాపెలు చిత్రశాల వెలసినది. అన్నము లేనివానికి చిత్రము లేలయని నవ్వినవా రుండవచ్చును. పేదవానికి కడుపేగాని కన్నులును మనస్సును లేవనుకొనుట వానిని మనుష్యునిగా నెంచకపోవుటయే యని నాకు తోచును.

ఈ నివాసులు నేర్చుకొన్న దేమి? 1886లో చార్లెసు బూతు లండను ప్రజల జీవనస్థితులను గూర్చి మహాపరిశోధన మారంభించెను. అది క్రమముగా 17 సంపుటములైనది. టాయిన్బీ హాలు నివాసు లందు తోడ్పడిరి. లండను జనులలో ఇంచుమించు నూటికి 30 మంది దారిద్ర్యమున నుండిరని తేలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, ఆ దారిద్ర్యమునకు తాగుడును సోమరితనమును ప్రధానకారణములు కావు. చాలని కూలి, నిలుకడలేని పని, రోగము, పెద్దసంసారము కారణములు. పేదవాడు తన దోషముచేతనే పేదవాడైనాడని నమ్మి పెరిగిన యువకులకు ఇది యే గ్రంథాలయమునను దొరకని పాఠము.

ఈ పాఠము నేర్చినవారిలో ఇద్దరిని మనము ప్రత్యేకముగా తలచుకొనవలెను. విలియము బెవరిడ్జి నాటి అవిభక్త భారతదేశముననే, వంగదేశపు రంగపూరున, 1879లో జన్మించినవాడు. 1903లో టాయిన్బీ హాలునకు ఉపాధ్యక్షుడుగా వచ్చి, రేవు వాకిట పనికై తెల్లవారుజామున కాచియుండు కూలీలను జూచి, నిరుద్యోగ సమస్యను తన జీవితవ్యాసంగము చేసికొనెను. 1942లో ఆయన వ్రాసిన సాంఘిక భీమా నివేదిక లోకప్రసిద్ధము. రెండవవాడు క్లెమెంటు అట్లీ. 1905లో స్టెప్నీయందలి బాలుర సంఘమునకు వినోదముగా జూడబోయి, అచ్చటనే నిలిచిపోయి, తన రాజకీయాభిప్రాయములనే మార్చుకొనెను. కొంతకాలము టాయిన్బీ హాలునకు కార్యదర్శిగను నుండెను. ఇతడు ప్రధానమంత్రిగా నున్నపుడే బెవరిడ్జి సూచనలు చట్టములైనవి. 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనది. 1947లో మన దేశమునకు స్వాతంత్ర్య మిచ్చు చట్టమును పార్లమెంటున నెగ్గించినదియు నితని ప్రభుత్వమే.

స్త్రీలును వెనుకబడలేదు. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డులయందలి స్త్రీకళాశాలల విద్యార్థినులు 1887లో లండనునందలి సదర్కున తమ సొంత నివాసమును నెలకొల్పిరి. ఆ కాలమున ఆ విశ్వవిద్యాలయములు స్త్రీలకు పట్టములైన నిచ్చుటలేదు. టాయిన్బీ హాలును జూచివచ్చిన అమెరికా వనిత జేను ఆడమ్సు, తన చెలికత్తె యెల్లెను స్టారుతో గూడి, 1889లో చికాగోన హల్ హౌసు స్థాపించెను. 1931లో ఆమెకు నోబెలు శాంతిబహుమాన మొసగబడినది. పని చేయుచు నేర్చుటయే విద్య యని బోధించిన జాను డ్యూయీ ఆ సంస్థకు ధర్మకర్తలలో నొకడు.

అయినను దోషము చెప్పకుండుట చరిత్ర కాదు. తూర్పు లండనున పేదలకై జీవితమెల్ల శ్రమించిన జార్జి లాన్స్‌బరీ, టాయిన్బీ హాలును తీవ్రముగా విమర్శించెను. అచ్చటికి వచ్చిన యువకులు పేదలమీద నిపుణులను పేరు గడించి పెద్ద పదవుల కెక్కిరిగాని పేట మాత్రము పేటగనే యుండెనని యతని యాక్షేపణ. దీని నెంతమాత్రమును త్రోసివేయరాదు. మా యూరి వృద్ధురాలి ప్రశ్నయు నిదియేగదా! వ్రాసికొనిపోయినవారు బాగుపడిరి, వ్రాయబడినవారి సంగతి యేమి?

ఇక మన దేశమునకు వత్తము. 1922లో రవీంద్రనాథ ఠాకూరు, లెనార్డు ఎల్మ్‌హర్స్టు అను ఆంగ్లయువకుని సాయమున, శాంతినికేతనము చెంతనున్న సురులు గ్రామమున పల్లెల పునరుద్ధరణకు కేంద్రము నెలకొల్పెను. అదియే తరువాత శ్రీనికేతనమైనది. అచ్చట చేరిన విద్యార్థులకు మొదటి పాఠము తమ మలమును తామే యెత్తి కందకములలో పూడ్చి, దానిని ఎరువుగా మార్చుట. ఆ పని మఱియొక కులమువారిదని నమ్మి పెరిగినవారికి ఇంతకంటె పెద్ద సంస్కరణోపన్యాస ముండునా? తాము చేయని పనిని గ్రామస్థులకు బోధింపరాదను నియమమందు ఇమిడియున్నది. గాంధీ మహాత్ముడును విద్యార్థులను సెలవులలో పల్లెలకు బోయి, చదువు చెప్పుడు, శుభ్రపఱచుడు, రోగులకు పరిచర్య చేయుడని పలుమారు కోరెను.

స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేట ప్రభుత్వము విశ్వవిద్యాలయ విద్యాసంఘమును నియమించినది. దానికధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుండి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండినవాడు. విద్యార్థుల జాతీయసేవ స్వచ్ఛందముగా నుండవలెనని 1949 నాటి యా సంఘపు నివేదిక సూచించెను. 1959లో చింతామణి దేశ్‌ముఖు అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఇందుకు భిన్నముగా, విశ్వవిద్యాలయమున చేరగోరువారికి తొమ్మిది నెలలు మొదలు సంవత్సరము వరకు నిర్బంధసేవ యుండవలెననెను. అది యమలునకు రాలేదు. పిమ్మట ఇతరదేశముల పద్ధతులను పరిశీలించిన సయ్యిదైను స్వచ్ఛందమార్గమునే మేలనెను. తుదకు గాంధీ శతజయంతి వత్సరమగు 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, విద్యామంత్రి వి. కె. ఆర్. వి. రావు 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకమును ప్రారంభించెను. కోణార్క రథచక్రము దాని చిహ్నము. నేను గాదు, నీవు అను భావము దాని ధ్యేయవాక్యము. విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెనని యేర్పఱచిరి.

నేనును కళాశాలలో నున్నపు డట్టి శిబిరమునకు బోయితిని. మేము ఎండలో చెమటోడ్చి గ్రామమునకొక గ్రావెలు బాట వేసితిమి. తొలకరి వానకే అది కొట్టుకొనిపోయినది. వాననీరు ఎటు పారునో ఆ యూరి రైతు నొక్కనినైనను మేము అడుగలేదు. గంటలు మాత్రము పుస్తకమున నెక్కినవి. అయినను ఆ శిబిరము వ్యర్థమనజాలను. మొదటిదినమున వేఱుగా కూర్చుండి ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర తిన్న సహాధ్యాయి, మూడవదినమున అందఱి నడుమ విస్తరి వేసికొనెను. ఎవ్వరును అతనికి ఉపన్యాస మీయలేదు. కలిసి మన్ను మోసినచేతులకు వేఱుపంక్తి యెబ్బెట్టుగా తోచినది.

ఈ చరిత్ర నంతయు జూడగా నాకొకటి స్పష్టమగుచున్నది. సేవ విద్యయగుటకు గంటలు కొలత గావు. విద్యార్థి ఒకచోట నిలువవలెను, లేదా అచ్చటికే మరల మరల పోవలెను. చూచినదానికి కారణ మడుగవలెను. ఆ పేటవారు తనకంటె తెలిసినవారని యొప్పుకొనవలెను. నివేదిక మొదట కళాశాలకు గాక, ఎవరిని గూర్చి వ్రాసెనో వారికి చదివి వినిపింపవలెను. ఈ నియమమొక్కటి పెట్టినచో జిరాక్సు దుకాణపు వ్యాపారము నాడే మూతపడును. అధ్యాపకులు వెంటబోయి వినవలెను. మార్కులు వేసి యూరకుండుట చాలదు.

కొన్ని దినములకు ఆ బాలిక మరల వచ్చినపు డీ మాటలే చెప్పితిని. “నీవు చేసినది సగముపని. మోసము కాదు, పూర్తియు కాలేదు. మరల పొమ్ము” అంటిని. ఆమె తలవంచుకొని, “మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు మాస్టారూ. మార్కులు వచ్చాయిగా, ఇంక ఆ పేటకెందుకు అంటున్నారు” అన్నది. నేను వారి యింటికి బోయి తండ్రితో మాటలాడితిని. ఆయన చదువుకొన్నవాడు, సంస్కరణమునెడ గౌరవము గలవాడు. అయినను కూతురు ఆ పేట యరుగుమీద మజ్జిగ త్రాగినదని వినినపుడు ఆయన మొగము మారుటను జూచితిని. చాలసేపటికి, తల్లి వంటయింటి గుమ్మమునుండి, “నేను తోడు వెడతాను లెండి” అన్నది.

సోదరీమణులారా, గృహస్థులారా! మన పిల్లలను కళాశాలలకు పంపుచున్నాము, రుసుములు కట్టుచున్నాము. పొరుగుపేట దాక పంపుటకు మాత్రము మన కాళ్లు ముడివడుచున్నవి. ప్రభుత్వము నియమము చేయగలదు, కళాశాల మార్కులు వేయగలదు. గడప దాటనిచ్చువారము మనమే. ఆ యాదివారమున తల్లియు కూతురును గలిసి పేటకు బోయిరి. బాలిక తాను వ్రాసినది వృద్ధురాలికి చదివి వినిపించినది. ఆమె విని, రెండు తప్పులు దిద్దినదట.