ఆబర్న్ అవెన్యూ చూశారా?

అట్లాంటాకి చుట్టాలొస్తే మనం చూపించేది అక్వేరియం, కోకాకోలా మ్యూజియం. ఊరివాళ్లని అడిగి చూడండి, ఆబర్న్ అవెన్యూ పేరు చెప్తారు. మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టింది ఆ వీధిలోనే. బానిసగా పుట్టి, మంగలి షాపులతో పైకొచ్చిన అలోంజో హెర్న్‌డన్ పెట్టిన ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అక్కడే ఉండేది.

అప్పట్లో నల్లజాతి ప్రయాణికులకి తెల్లవాళ్ల హోటళ్లలో గది ఇచ్చేవాళ్లు కాదు. ఎక్కడ దిగాలో, ఎక్కడ తినాలో స్థానికులు చెప్తేనే తెలిసేది. హార్లెంలో ఉండే పోస్ట్‌మన్ విక్టర్ గ్రీన్ 1936లో 'గ్రీన్ బుక్' మొదలుపెట్టి, అలాంటి చిరునామాలు పాఠకులనే అడిగి అచ్చేశాడు. మనం దిగగానే వాట్సాప్ గ్రూపులో అడిగేదీ అదే కదండీ. వాళ్లకి మాత్రం అది ప్రాణాల మీది సంగతి.

తర్వాత ఆ వీధికి అడ్డంగా ఫ్రీవే కట్టారు. మనం రోజూ పనికెళ్లే 75/85 అదే.